గుర్తు పెట్టిన కాలు

మార్గశిరమాసపు ప్రాతఃకాలమున సాగరమునుండి లేచిన మంచుతెర సరుగుడుతోటల నావరించి వైద్యశాలాగవాక్షములవఱకు వ్యాపించి బాలభానుకిరణముల నడ్డగించుచుండగా శస్త్రచికిత్సామందిరమున మాత్రము పట్టపగటి వెలుతురు నిండియుండెను. ఆనాటి చికిత్సలు ఏడు. మొదటి రోగి చెట్లు కొట్టి జీవించు పైడయ్య. వాని యెడమమోకాటిలోపల నరము తెగియుండెను గాని వెలుపలికి రెండుమోకాళ్లును కవలపిల్లలవలె నొక్కతీరుననే యుండెను.

ఇరువదేండ్లుగా నచ్చట ప్రధానపరిచారికయైన ఎస్తేరమ్మ రోగి కాగితము చేతబట్టి దుప్పటి తొలగించి నిశ్చేష్టురాలయ్యెను. కాగితమున ఎడమకాలని యున్నది. నీలిసిరాగుర్తు కుడికాలిపై నున్నది! ఔరా, ఇదెక్కడి తంటా! వాని తలవైపు నిలిచి చూచి, పాదములవైపు నిలిచి చూచి, తన చేతులనే మార్చిమార్చి చూచుకొని, తుదకు ఏది కుడియో ఏది ఎడమయో తనకే తెలియని దురవస్థకు వచ్చెను.

"గుర్తు నిన్న నేనే పెట్టితిని. కాగితము వ్రాసినవాడే పొరబడియుండును. ఆలస్యము చేయకుడు, ఇంక నార్గురున్నారు" అని శస్త్రవైద్యుడు త్రివిక్రమరావు తొందరించెను. మత్తువైద్యుడు సూది నెత్తెను.

ఎస్తేరమ్మకు ముందు నుయ్యి వెనుక గొయ్యి యయ్యెను. ఎదిరించినచో అవమానము. ఊరకున్నచో, అయ్యో, మంచికాలు గూడ చెడి ఈ నిరుపేద యెట్లు బ్రతుకును? మత్తునకు ముందు రోగినే అడుగవలెనను క్రొత్తనియమమును ఆమెయే గోడకు అంటించియుండెను; దాని నెవ్వరును పాటించుట లేదు.

"ఒక్క నిమిషము క్షమింపుడు" అని వైద్యునితో పలికి రోగివైపు వంగెను.

"పైడయ్యా, నొప్పి ఏ కాలికి నాయనా?"

"ఎడమదానికేనమ్మా."

"మరి గుర్తు కుడికాలి మీదికి ఎలా వచ్చిందయ్యా?"

"మా తోటలో సున్నంబొట్టెట్టిన సెట్టు మీద గొడ్డలెయ్యకూడదమ్మా! ఉంచీసీ సెట్టుకే గుర్తు. బాబుగారు సెడ్డకాలికి ఎట్టీసినారు. పొరపాటనుకుని నానే తుడిసీసి, కలం అడిగి మంచికాలికి ఎట్టీసినాను."

వైద్యుని ముఖము వెలవెలబోయెను. ఎత్తిన సూది దిగెను.

"ఏ కాలో నువ్వే చూపించు, బాబూ" అని త్రివిక్రమరావు మోకరిల్లి, వాని వేలు నిలిచినచోట "ఈ కాలికే కోత" యని వ్రాసి, బిగ్గరగా చదివి వినిపించెను.

చికిత్స ముగిసిన పిదప నడుము క్రిందికంతయు మొద్దుబారి, ఏ కాలిని కోసిరో తెలియక పైడయ్య కలవరపడి "మంచిది ఉంచీసినారా అమ్మా?" అని యడిగెను. గుర్తునకు నోరు లేదు; నోరున్నవాని నడుగుటయే ధర్మము. ఎస్తేరమ్మ వాని చేతిని పట్టుకొని కట్టులేని కుడిమోకాటిపై నుంచెను.