ఏడో మైలులో తొణకని బిందె

పెనుగొండ నుంచి గోదావరి రేవు దాకా పన్నెండు మైళ్ల కంకర రోడ్డు. వేసి పాతికేళ్లయింది. ఆ తర్వాత దానికి జరిగిన మరమ్మతు ఒక్కటే, మైలురాళ్లకు ఏటా సున్నం కొట్టడం. 1896 వేసవిలో తాలూకా బోర్డు వారు ఒక్క మైలుకు సరిపడా కంకర మంజూరు చేశారు. డెల్టాలో రాయి దొరకదు. రాజమండ్రి వైపు నుంచి కాలువలో పడవల మీద రావాలి. కాబట్టి అన్నిటికన్నా పాడైన మైలు ఏదో శాస్త్రీయంగా తేల్చమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

ఏడో మైలని ఆ దారిన పోయే ఎవరైనా చెబుతారు. కాని దారిన పోయేవాళ్లు చెప్పేది శాస్త్రం కాదు. అందుకని ఓవర్సియరు జీవరాజు గారు ఒక పద్ధతి కనిపెట్టారు. బండిలో ఇత్తడి బిందె పెట్టి అంచుదాకా నీళ్లు నింపాలి. మైలు దాటగానే, తగ్గినంత మేరా సోలతో కొలిచి పోయాలి. ఎక్కువ నీళ్లు తొణికిన మైలుకే కంకర.

ఈ పనికి ఆయన పెనుగొండలోనే ఉండే పెదబాబు బండి మాట్లాడారు. సంతకు నూనె కుండలు తోలే పెదబాబు ఇరవై ఏళ్లలో ఒక్క కుండ పగలగొట్టలేదు. నమ్మకమైన మనిషి కావాలి కదా.

సంగతి విని పెదబాబు భార్య రత్నమాణిక్యం నెత్తి కొట్టుకుంది. వాళ్ల కూతురు సత్యకుమారి అత్తవారి ఊరు ఎనిమిదో మైలు దగ్గర. శ్రావణంలో, తొమ్మిదో నెలలో, పిల్లను పురిటికి తీసుకురావాలి. నిరుడు వానలకు ఏడో మైలు గోతులు నిండి, ఎక్కడేముందో కనిపించక రెండు బళ్లు బోల్తా పడ్డాయి.

"ఏమయ్యా, నీ గొప్పలకిది సమయం కాదు. ఏడో మైల్లో బిందె సగం ఖాళీ అవ్వాలి. అవుద్దా, అవదా?"

"ఇరవై ఏళ్ల పేరే..." నసిగాడు పెదబాబు.

"పేరు ఇంటికాడ పెట్టెళ్లు. సాయంత్రం వచ్చి తీసుకుందువుగాని."

మర్నాడు బండి కదిలింది. ఆరో మైలు సాఫుగా ఉంటుంది. ఆ సంగతి ఎడ్లకు తెలుసు. అక్కడికి రాగానే హుషారొచ్చి పరుగందుకున్నాయి. మూడు సోలలు పోయాయి. జీవరాజు గారు పుస్తకంలో రాసుకున్నారు.

ఏడో మైలు మొదలైంది. పెదబాబు కళ్లు మూసుకుని, దేవుణ్ణి తలుచుకుని, ఎడ్లను మొదటి గోతిలోకి లాగాడు. పదకొండేళ్లుగా ఆ గోతిని తప్పుకుంటున్న ఎడ్లు ఒక్క క్షణం ఆగి, చెవులు విదిల్చి, పక్కనుంచి వెళ్లిపోయాయి. రెండో గోతి దగ్గరా అంతే.

"ఎటు లాగుతున్నావయ్యా?"

"గోతిలోకండి."

"ఎందుకూ?"

"గోతులున్నాయని తమరికి తెలవాలి కదండి."

"నాకు తెలియనక్కర్లేదు. బిందెకు తెలియాలి. ఎడ్లను వాటి దారిన నడవనియ్యి, కొలత చెడుతుంది."

మైలు చివర చూస్తే ఒక్క గిద్దె కూడా తగ్గలేదు. పన్నెండు మైళ్లూ కొలిచాక, అన్నిటికన్నా ఎక్కువ తొణికిన ఆరో మైలుకు కంకర ఖాయమైంది.

"ఎడ్లు మాట వినలేదే," అన్నాడు పెదబాబు ఇంటికొచ్చి. చెప్పేటప్పుడు ఆ మొహంలో దిగులుతో పాటు ఇంకేదో కూడా ఉంది.

"మురిసింది చాల్లే," అని రత్నమాణిక్యం నేరుగా ఓవర్సియరు బసకు వెళ్లింది. "బాబు గారూ, ఒక్కసారి ఆ మైలు నడిచి చూడండి."

"నేను చూస్తే అది అభిప్రాయమవుతుందమ్మా. బిందె చూస్తే లెక్క," అన్నారాయన మర్యాదగా.

శ్రావణంలో వాన తెరిపిచ్చిన ఒక పొద్దున మొగుడూ పెళ్లాం కూతుర్ని అత్తవారింటి నుంచి తీసుకుని పెనుగొండకు బయల్దేరారు. ఏడో మైలురాయి దగ్గర జీవరాజు గారు గొడుగుతో, బిందెతో నిలబడి ఉన్నారు. వచ్చే ఏటి కంకర ఎక్కడ వెయ్యాలో అప్పుడే తేల్చాలట. బిందె నింపి బండిలో పెట్టించి ఆయనా ఎక్కారు.

రోడ్డంతా చెరువులా ఉంది. రత్నమాణిక్యం కూతురి చెయ్యి వదల్లేదు. ఎడ్లు మాత్రం, నీళ్ల కింద ఏ గొయ్యి ఎక్కడుందో చూడకుండానే ఎరిగినట్టు, మెలికలు తిరుగుతూ మెల్లగా నడిచాయి. మైలు సగమయ్యేసరికి సత్యకుమారి తల్లి భుజం మీద నిద్రపోయింది.

ఆరో మైలు రాగానే ఉలిక్కిపడి లేచింది. కొత్త కంకర పరిచారు గాని, దాన్ని అణగదొక్కే రోలరుకు మంజూరు లేదు. పోయే బళ్లే తొక్కుతాయని బోర్డు అంచనా. చక్రం పడ్డచోటల్లా రాళ్లు పక్కకి జారి బండి ఎగిరెగిరి పడుతోంది. ఈ దారి ఎడ్లకు కొత్త.

"అమ్మా, ఆపించవే! నా వల్ల కాదు," అని పొట్ట పట్టుకుంది సత్యకుమారి.

పెదబాబు బండి ఆపాడు. ఆ పిల్ల దిగి, తల్లిని పట్టుకుని, పదునైన రాళ్ల మీద చెప్పుల్లేని కాళ్లతో నడిచింది. మైలురాయి దగ్గరకొచ్చేసరికి రెండు పాదాలూ నెత్తురోడుతున్నాయి. రత్నమాణిక్యం కూతుర్ని రాయి మీద కూర్చోబెట్టి, బండిలోని బిందె ఎత్తి నీళ్లన్నీ ఆ పాదాల మీద పోసింది.

"అయ్యయ్యో, లెక్కమ్మా!" అన్నారు జీవరాజు గారు.

"రాసుకోండి బాబు గారూ," అంది రత్నమాణిక్యం ఖాళీ బిందె ఆయన చేతికిస్తూ.

జీవరాజు గారు నిజాయితీపరులు. పుస్తకం తీసి ఉన్నదున్నట్టు రాశారు. ఏడో మైలు, ఏమీ లేదు. ఆరో మైలు, బిందెడు.