రెండు పూతల కేకు

మొదటి కేకును మేస్త్రి వేలి కణుపుతో తట్టి చూశాడు. బాగా కాలిన ఇటుక ఖంగుమంటుంది. ఇది దబ్బుమంది. నలభై ఏళ్ళు ఇటుకలు తట్టిన చెయ్యి అది, దానికి అబద్ధం చెప్పడం కష్టం. పచ్చి ఇటుకను పరాయివాడి గోడలోనే పెట్టనివాడు, ఇలాంటి కేకును మనవల ముందు పెడతాడా? తీసి కిటికీ గట్టు మీద పడేశాడు.

గడియారం పదకొండు చూపిస్తోంది. పిల్లలు నాలుగింటికి వస్తారు.

బడి సెలవులిచ్చిన మొదటి రోజున కూతురి పిల్లలు ఈ ఇంటికి రావడం, రాగానే చెరొక చాక్లెట్ కేకు బల్ల మీద ఉండడం ఏటా జరిగేదే. చేసేది ఆయన భార్య. "ఇద్దరికీ కలిపి ఒకటి చాలదా?" అని ఆయన ఏటా అడిగేవాడు. "నీ తాపీ ఇంకో మేస్త్రితో పంచుకుంటావా?" అని ఆవిడ ఏటా అడిగేది. అంతకు మించి ఆయన ఆ వంటింట్లోకి తొంగిచూసిన పాపాన పోలేదు. ఆవిడ పోయి ఐదు నెలలైంది.

మొన్న ఎనిమిదేళ్ళ మనవరాలు ఫోన్ చేసి, "తాతా, కేకులుంటాయా?" అంది.

"ఉంటాయి" అన్నాడు.

కూతురు ఫోన్ లాక్కుంది. "నీకు నీళ్ళు కాచుకోవడమే రాదు, కేకులకెందుకు ఒప్పుకున్నావు నాన్నా? చూడు, ముందే చెప్తున్నా. వాళ్ళు వచ్చి బిక్కమొహాలేసుకుని కూర్చుంటే సంచులు కారులోంచి దించను. అటునుంచటే వాళ్ళ నానమ్మ దగ్గరికి తీసుకుపోతాను."

కూతురు తండ్రి పోలిక. అన్నదంటే చేస్తుంది. ఐదు నెలలుగా ఆ ఇంట్లో కుళాయి చుక్క తప్ప వేరే చప్పుడు లేదు. ఇవాళ ఆ సంచులు దిగకపోతే ఇంకో ఏడాది ఆ చుక్కలే లెక్కపెట్టుకోవాలి.

భార్య రాసుకున్న పుస్తకం మళ్ళీ తెరిచాడు. మైదా రెండు గ్లాసులు, పంచదార గ్లాసున్నర, గుడ్లు మూడు. అన్నీ రాసినట్టే వేశాడు. మరి తేడా ఎక్కడ? పేజీ పైన ఓరగా చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది. పొద్దున అందులో 'చెల్లి' అన్న మాట కంటబడగానే మిగతాది చదవకుండా దాటేశాడు. ఇప్పుడు పళ్ళు బిగబట్టి చదివాడు.

'గ్లాసు అంటే చెల్లి దగ్గరున్న అమ్మ గ్లాసు. మన గ్లాసు పెద్దది.'

ఇంట్లో పెద్ద గ్లాసుతో పిండి కొలిచి, గుడ్లు మాత్రం మూడే కొట్టాడు. ఇసుక పెంచి సిమెంటు పెంచనివాడి పనిలా తయారైంది. ఇలాంటి పని చేసిన కూలీని ఆయనైతే మధ్యాహ్నానికే ఇంటికి పంపేవాడు.

ఆ చెల్లి, అంటే మరదలి ఇల్లు రెండు వీధుల అవతల. ఐదు నెలలుగా ఆ వీధి తప్పించి చుట్టూ తిరిగి వెళ్తున్నాడు. ఆస్పత్రి వరండాలో పదిమంది ముందు ఆమె అన్న మాట ఇది: "గోడలో వెంట్రుకంత బీట కనిపెట్టే కళ్ళకి అక్క కళ్ళు పచ్చబడ్డం కనబడలేదా బావా?" అబద్ధమైతే ఎప్పుడో మరిచిపోయేవాడు.

ఆమె గుమ్మంలో కుట్టుమిషన్ వేసుకుని ఎవరివో పంట్లాములు పొట్టి చేస్తోంది.

"ఏం బావా, దారి తప్పావా?"

"గ్లాసు" అన్నాడు.

"మంచినీళ్ళా?"

"ఖాళీది. మీ అమ్మది."

మిషన్ ఆగింది. ఆయన చొక్కా మీది పిండిని కింద నుంచి పైదాకా చూసింది. "ఎన్ని తగలేశావు?"

"ఒకటి."

"ఒకటేనా! అక్క కొత్తలో మూడు తగలేసింది. నువ్వు పని నుంచి వచ్చేలోపు మా ఇంటికి పంపించేసేది. మా ఆయన పళ్ళు అలాగే అరిగాయి." లోపలికెళ్ళి గ్లాసు తెచ్చింది కానీ చేతికివ్వలేదు. "నేనూ వస్తాను. మా అమ్మ గ్లాసు సిమెంటు చేతులకి ఒంటరిగా ఇవ్వను."

వద్దనడానికి టైము లేదు. ముందు నడిచాడు. ఆమె వెనక నడిచింది.

ఆమె కొలిచింది, ఆయన కలిపాడు. "అలా బాదకు, అది కాంక్రీటు కాదు" అందోసారి. రెండు చిన్న గిన్నెల్లో పోసి ఓవెన్‌లో పెట్టారు. ఈసారి కేకులు పొంగాయి. వేలితో నొక్కితే దిగి, మళ్ళీ లేచాయి. చల్లారేదాకా ఆమె కిటికీ గట్టు మీది మొదటి కేకును చూస్తూ కూర్చుంది. "దీన్నేం చేస్తావు? తలుపుకి అడ్డం పెడతావా?" అంది.

కరిగించిన చాక్లెట్‌లో వెన్న కలిపి, ఆమె చాకుతో పూయబోయింది. కేకు పొడి రాలి చాక్లెట్‌లో కలిసి, పైన గరుకుగా తేలింది.

"ఆగు" అన్నాడు. పనిముట్ల పెట్టె అడుగు నుంచి ఒక చిన్న తాపీ తీశాడు. పని మానేసే ముందు కొన్నది, సున్నం తగలనిది.

"ఛీ, బావా!"

దాన్ని మూడుసార్లు తోమి, వేడినీళ్ళలో ముంచి తుడిచాడు. పల్చగా ఒక పూత వేశాడు. రాలే పొడి అంతా ఆ పూతకు అంటుకుపోయింది. "ఇది ఆరనీ. రెండోది దీనిమీద నున్నగా కూర్చుంటుంది. గోడకైనా అంతే."

ఆమె తల ఊపింది. "తెలుసు. అక్కా ఇలాగే రెండు పూతలు వేసేది. నాకే ఓపిక ఉండదు. ఎక్కడ నేర్చావే అంటే, ఇంట్లో మేస్త్రి ఉన్నాడుగా, చూడకపోతే ఎలా అంది."

మేస్త్రి తాపీని మళ్ళీ తుడిచాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

రెండో పూత వేశాక, అక్క పంచదార పూసలతో పిల్లల పేర్లు రాసేదని మరదలు గుర్తుచేసింది. పేర్లు రాయడం ఆయనకు చేతకాలేదు. ఫోర్కు మొనతో కేకు చుట్టూ ఇటుక వరసలు గీశాడు. అతుకు మీద అతుకు రాకుండా, వరసకు వరస జరిపి. ఒకదానికి తలుపు, ఒకదానికి కిటికీ. తలకాయ వంచి మట్టం చూసుకున్నాడు.

నాలుగున్నరకు కారు ఆగింది. కూతురు తాళాలు చేతిలోనే పట్టుకుని గుమ్మంలో నిలబడింది. మనవరాలు కేకు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది.

"ఇది అమ్మమ్మ కేకు కాదు."

"కాదు."

"ఎవరు చేశారు?"

"నేనే. చిన్నమ్మమ్మ కొలిచింది."

"గోడలా ఉంది."

"గోడే."

ఐదేళ్ళ మనవడు మాత్రం ఆలోచనలో పడ్డాడు. "తాతా, కింది ఇటుక తింటే పడిపోతుందా?"

"సరిగ్గా కడితే పడదు. తిని చూడు."

వాడు కింది నుంచి తిన్నాడు. పడలేదు. వాడి పక్కనే మనవరాలు తలుపు తినేసి, కిటికీ కూడా కావాలని పేచీ పెట్టింది. మూతి చుట్టూ చాక్లెట్‌తో వెనక్కి తిరిగి, "అమ్మా, మా సంచులేవి?" అంది.

కూతురు తండ్రిని ఒక క్షణం చూసి కారు దగ్గరికి వెళ్ళింది. డిక్కీ తెరుచుకున్న చప్పుడైంది.

మరదలు లేచింది. "గ్లాసివ్వు, వెళ్తా."

"ఇక్కడుండనీ. నాలుగు రోజులకి మళ్ళీ కావాలంటారు. కొలవాలిగా."

"సరే, అప్పుడొస్తా."

"రా. అయితే నువ్వన్న మాట మరిచిపోయాననుకోకు."

ఆమె చెప్పులేసుకుంటూ అంది: "అనుకోను. అన్నది తప్పని నేనూ ఒప్పుకోలేదుగా."

ఆయన గ్లాసును భార్య పుస్తకం పక్కన పెట్టాడు. కూతురు రెండు సంచులూ తెచ్చి గోడవారగా పెట్టింది. మేస్త్రి కిటికీ గట్టు మీది మొదటి కేకును ముక్కలు కోసి, పాలు పోసి నానబెట్టాడు. నానితే ఏ ఇటుకైనా దారికొస్తుంది. అది తన వాటా.