మౌళి రొయ్య

కోడిని వేడినీళ్ళలో ముంచకముందే మెడ ఈకలు పీకేసుకోవాలి. ఒకసారి మునిగిందంటే ఈక మెరుపు పోయి పీచులాగా అయిపోతుంది, ఇక గాలానికి పనికిరాదు. అందుకే కోడి కోసిన ప్రతి ఆదివారం మా అత్త వెంకటశేషమ్మ నీళ్ళు కాగబెట్టుకుని అరుస్తూ ఉంటుంది. నేను దొడ్లో పీట వేసుకుని, పుంజు మెడ ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క ఈకే లాగుతుంటాను. "కూర ఎప్పుడవుద్దిమే? ఆ ఈకలేమన్నా తింటామా?" అంటుంది. తింటున్నాం అత్తా, ఈ ఇల్లు తింటున్నది ఆ ఈకల్నే అని నోటిదాకా వస్తుంది. మింగేస్తాను. మింగడం బాగా అలవాటు నాకు.

మా ఆయన చంద్రమౌళి. తూపిలిపాలెంలో పుట్టి, పెళ్ళికి ముందే అండమాను పోయి, ఎవరో దొర దగ్గర పడవ నడిపి, ఆ పని నేర్చుకుని ఇప్పుడు సొంతంగా దీవుల్లో మనుషుల్ని చేపల వేటకి తిప్పుతాడు. మా ఊళ్ళో వేటంటే బతుకు. వాళ్ళకి వేటంటే సెలవులు. విమానాలెక్కి వచ్చి, ఎవరూ ఉండని దీవుల పక్కన మోకాటి లోతు నీళ్ళలో నిలబడి, పొడుగాటి రాడ్డుతో తాడు విసిరి చేపని పడతారు. ఫొటో దిగుతారు. మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు మా అత్త వక్క నమలడం ఆపేసింది. "వదిలేసేదానికి పట్టేదెందుకురా, పనీ పాటా లేకనా?" అంది. గాలానికి బతికిన ఎర పెట్టరు. కోడి ఈకలు, మేక వెంట్రుకలు, రంగు దారాలు చుట్టి, రొయ్యలాగానో పీతలాగానో కనిపించేట్టు ఒక బొమ్మ కడతారు. దాన్ని ఫ్లై అంటారు. ఆ ఫ్లైలు కట్టేది నేను.

కార్తీకం వెళ్ళాక దీవులకి పోయాడంటే ఎండలు ముదిరాకే ఇంటికి రావడం. పోయేటప్పుడు డబ్బాల నిండా ఫ్లైలు ఉండాలి. అందుకని మిగతా ఏడాదంతా నాకు ఇదే. పొద్దున వంట, మా అత్త మోకాళ్ళకి నూనె, గూడూరు హాస్టల్లో ఉన్న మా చిట్టికి కారప్పొడి, ఊరగాయ. ఇవన్నీ అయ్యాక కిటికీ దగ్గర కూర్చుని గాలాన్ని బల్ల అంచున ఉన్న ఇనప బిగింపుకి తగిలించి దారం చుడతాను. ముల్లు గుచ్చుకోని వేలు లేదు. మెడ పట్టేస్తుంది, కళ్ళు లాగుతాయి. కానీ కూర్చుని చేసే పని కాబట్టి అది పని కాదు. "మా ఇంటిదానికి కాలక్షేపం, టీవీ చూడకుండా ఇదొకటి పెట్టుకునింది" అని వచ్చినవాళ్ళతో చెప్తాడు. నాకు సరదా అట, ఆయనకి వ్యాపారమట! మేక వెంట్రుకల కోసం నాయుడుపేట మాంసం కొట్టు ముందు సంచి పట్టుకుని నిలబడి, ఆ కొట్టువాడి వెకిలి నవ్వు భరించేది ఎవరి సరదా?

అన్నిట్లోకీ రొయ్య నా సొంతం. ఎవరూ నేర్పలేదు. మా పుట్టిల్లు పులికాటు ఉప్పు చెరువు ఒడ్డు. చిన్నప్పుడు మా అమ్మ పెంచలమ్మ వెంట నడుముకి బుట్ట కట్టుకుని చెరువులోకి దిగి, అడుగు బురదలో చేతులు పెట్టి తడిమి రొయ్యలు పట్టేదాన్ని. చెయ్యి తగలగానే రొయ్య ముందుకి పోదు, తోక ముడిచి వెనక్కి ఎగురుతుంది. వెనక్కి ఎగిరేట్టే కట్టాను నేను. ఆ ఏడు మా ఆయన ఫోన్ చేసి, "ఒసే, ఆ రొయ్య ఉండాదే, దాని కోసం చేపలు కొట్టుకుంటున్నాయి" అన్నాడు. ఆ రోజంతా అకారణంగా నవ్వుకుంటూ తిరిగాను.

నాకు ఒక్కటే కోరిక. నేను కట్టినదాన్ని చేప వచ్చి నోట పట్టుకోవడం నా కళ్ళతో ఒక్కసారి చూడాలి. అంతే. నగలడగలేదు, మేడ అడగలేదు. అడిగినప్పుడల్లా ఒకటే జవాబు. "మన ఇంటి ఆడోళ్ళు వేట పడవెక్కరు. తెలీనిదాని మాదిరి అడగతావేంది?" తెలుసు. ఏటా ఊళ్ళో మా ఇంటి పాత పడవకి పసుపు రాసేది నేనే, కుంకుమ పెట్టేది నేనే, కొబ్బరికాయ అందించేది నేనే. అదీ ఒడ్డున నిలబడి. పడవంటే గంగమ్మ తల్లి అంటారు. ఆ తల్లి మీద మగాళ్ళందరూ ఎక్కి తొక్కొచ్చు, ఆడది మాత్రం కాలు పెడితే మైల! "మరి ఆ దొరసానులు?" అని అడిగాను ఒకసారి. "వాళ్ళు గెస్టులు. వాళ్ళకి పట్టింపు ల్యా" అన్నాడు. మా అత్త పక్కనుంచి, "నేనెక్కినానా? మా అత్త ఎక్కిందా? నీకొక్కదానికే వచ్చిందా దురద?" అంది.

ఈ ఏడు మాఘమాసంలో ఆయన ఫోన్ చేశాడు. "వనజా, నువ్వు రామే ఈడికి. దీవులు చూపిస్తా." వంటమనిషి చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. పిచ్చి మొహాన్ని! నీళ్ళలో నిలబడడానికి వీలుగా ఉంటుందని నాయుడుపేటలో నైలాన్ చుడీదారు కొనుక్కున్నాను. అత్తని చూసుకోవడానికి ఆడపడుచుని బతిమాలి పిలిపించాను. మద్రాసులో విమానం ఎక్కి కిటికీ పక్కన కూర్చుంటే కింద సముద్రం కనిపించి ఏడుపొచ్చింది.

జనం ఎక్కే లాంచీలో వచ్చి దీవిలో దిగాక ఆయన నాకు మొదట చూపించింది పొయ్యి. "గ్యాసు ఈడుంది. నీళ్ళ డ్రమ్ము ఆడుంది. ఆరు గంటలకల్లా టిఫిను కావాల. దొరలకి కారం తగ్గించు."

సరే, వచ్చాను కదా, పని చేస్తే అరిగిపోతానా, ఏదో ఒక రోజు చూపించకపోతాడా అనుకున్నాను. ఆయన కూడా, "ఇప్పుడు గెస్టులుండారు, రేపు చూస్తాంలే" అన్నాడు. ఆ రేపు వారాలు గడిచినా రాలేదు. కొబ్బరి చెట్ల కింద నాలుగు గుడారాలు, వెనక ఒక రేకుల వంటపాక. నా సామ్రాజ్యం. గెస్టుల దుప్పట్లు ఉతకడం, వాళ్ళ ఉప్పు బట్టలు మంచినీళ్ళలో జాడించడం, నాలుగు రకాలు వండడం. సాయంత్రం పడవ ఒడ్డున కట్టేశాక, "లోపలికెక్కి బాగా కడుగు, చేప జిగురు పోవాల" అనేవాడు. మొదటిరోజు నేను బిత్తరపోయాను. "నేనెక్కొచ్చా?" అంటే, "ఒడ్డున కట్టేసున్నప్పుడు తప్పు ల్యా. నీళ్ళలో కదలతా ఉంటేనే తప్పు" అన్నాడు, నవ్వకుండా. గంగమ్మకి ఎంత తెలివో చూడండి! ఆడది బ్రష్షు పట్టుకుని ఎక్కిందా, చూడడానికి ఎక్కిందా అని కనిపెట్టేస్తుంది. మోకాళ్ళ మీద కూర్చుని ఆ చెక్కలు రుద్దుతూ, వాటి మీద ఎవరెవరు నిలబడి నా రొయ్యని విసిరారో అనుకునేదాన్ని. పైగా గెస్టులతో మాట్లాడకూడదు. "కంపెనీ రూలు" అన్నాడు. ఆ కంపెనీలో ఆయన, ఆయన పడవ తప్ప మూడోది లేదు.

అక్కడే తెలిసింది దాని పేరు. అన్నం వడ్డిస్తుంటే గెస్టులు నా రొయ్యని చేతుల్లో తిప్పుకుంటూ మౌళి ష్రింప్, మౌళి ష్రింప్ అంటున్నారు. మౌళి రొయ్యట! వంటపాక వెనక నిలదీశాను. "ఏమయ్యా, నువ్వెప్పుడన్నా దానికి ఒక చుట్టు దారం చుట్టినావా?" ఆయన చిరాకు పడ్డాడు. "బ్రాండుకి పేరుండాల గదా. వనజాక్షి అంటే వాళ్ళకి నోరు తిరగద్దా? పేరేమన్నా కూడు పెడతదా నీకు?" నిజమే, కూడు పెట్టేది పేరు కాదు. నేనే కదా పెట్టేది, అందరికీ.

సీజను చివరి జట్టులో హైదరాబాదు నుంచి సుప్రియ అనే ఆవిడ వచ్చింది, ఇద్దరు మగ స్నేహితులతో. నా వయసే ఉంటుంది. మొదటి పూటే "కూర అదిరింది అక్కా" అని తెలుగులో అంటే ప్రాణం లేచొచ్చింది, కానీ మా ఆయన చూపు చూసి నవ్వి ఊరుకున్నాను. ఆఖరి రోజు పొద్దున ఆ స్నేహితుల్లో ఒకతను కడుపునొప్పి అని గుడారంలోనే పడుకున్నాడు. పడవలో చోటు ఖాళీ. రాడ్లు సర్దుతున్న ఆయన దగ్గరికి పోయాను. చెయ్యి తుడుచుకుని మరీ పోయాను.

"ఈ ఒక్కరోజు తీసుకుపో. ఒక మూల కూచుంటా. రేపు ఊరికి పోతా ఉండాం గదా."

"మళ్ళీ మొదలుపెట్టినావా? మా తాత కాడ్నించి రాంది ఇప్పుడు వస్తదా? బిరియానీ చెయ్. రెండింటికి వస్తాం."

"నేను కట్టింది చేప పట్టేది చూడాలనుంది. అంతేనయ్యా."

"వీడియో తీసి చూపిస్తాలే పో."

పడవ వెళ్ళిపోయింది. మధ్యాహ్నమవుతుంటే బియ్యం కడిగి ఎసట్లో పోశాను. పోస్తూ ఏడ్చాను, ఉప్పు వేరే వేయక్కర్లేదేమో అన్నంతగా. ఏడుపు కూడా కాదు, మంట. ఆ మంటతోనే బయటికి వచ్చి చూస్తే నీళ్ళు వెనక్కి తీశాయి. ఆటుకి పాక ముందరి ఇసుక మేట తేలి, దాని మీద మోకాటి లోతు కూడా లేని నీళ్ళు అద్దంలాగా పరుచుకున్నాయి. ఆ నీళ్ళలో నల్లగా ఒక నీడ కదులుతోంది. పార చేప. పెద్దది. దేనికోసం పడవెక్కి మైళ్ళు పోయారో అది నా పొయ్యి ముందరే తిరుగుతోంది.

అప్పుడు వెలిగింది నాకు. పడవెక్కకూడదన్నారు. నీళ్ళలో దిగకూడదని ఎవరన్నారు? పెళ్ళికి ముందు నేను బతికింది నీళ్ళలోనే కదా! ఇన్నాళ్ళూ పడవ పడవ అని ఆయన కాళ్ళు ఎందుకు పట్టుకున్నానో నాకే అర్థం కాలేదు.

కూర చేపల కోసం పాకలో ఉంచిన గాలపు తంగూసు చుట్ట తీసుకున్నాను. డబ్బాలో ఒక రొయ్య వెతికి ముడి వేశాను. పొయ్యి అలాగే మండుతోంది, మండనీ అనుకున్నాను. అమ్మ నేర్పినట్టు, తోకలో విషపు ముల్లుండే టేకు చేప ఉంటే తప్పుకుంటుందని పాదాలు ఈడుస్తూ దిగాను. కొనుక్కున్నప్పటి నుంచి తడవని నైలాన్ చుడీదారు తడిసింది. రొయ్యని గిరగిరా తిప్పి నీడకి ముందు పడేట్టు విసిరాను. అడుగుకి దిగనిచ్చి తంగూసుని చిన్నగా గుంజాను. రొయ్య తోక ముడిచి వెనక్కి ఎగిరింది. నీడ ఆగింది. తిరిగింది. దగ్గరికొచ్చి, నోరు తెరిచి, నా కళ్ళ ముందే, నా రొయ్యని తీసుకుంది.

"అమ్మా!" అని అరిచాను. గుడారంలో పడుకున్నతను తప్ప చుట్టూ ఎవరూ లేరు, గొంతు పగిలేట్టు అరిచాను. తంగూసు అరచేతిని కోసింది. అటు లాగింది, ఇటు లాగింది, నేనూ దాంతో పాటు నడిచాను, పడ్డాను, లేచాను. ఎంతసేపో తెలియదు. చివరికి అలిసిపోయి నా కాళ్ళ దగ్గరికి వస్తే తోక మొదలు పట్టుకుని, పొట్ట కింద చెయ్యి పెట్టి, పసిబిడ్డకి నీళ్ళు పోసేటప్పుడు పట్టుకున్నట్టు పట్టుకున్నాను. వెండిలా మెరుస్తోంది. దవడ పక్కన నా ఈకలు.

పడవ చప్పుడు అప్పుడు వినిపించింది. పాక వైపు నుంచి మాడు వాసన కూడా వస్తోంది. పడవ ఆగీ ఆగకముందే సుప్రియ నీళ్ళలోకి దూకేసింది. "అబ్బబ్బా! మాకు పొద్దుట్నుంచి ఒక్కటి దొరకలేదు. మౌళి గారూ, చూడండి, మీ వంటావిడ ఎంత పెద్ద పార పట్టిందో! అదీ మౌళి ష్రింప్‌తో!"

మీ వంటావిడ.

ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. "అవును మేడమ్. వంటకని ఊర్నించి తెప్పించినా. పల్లెటూరి మనిషి, చెప్తే వినదు" అన్నాడు. నా మెళ్ళో ఆయన కట్టిన తాళి బయటికి వచ్చి నీళ్ళ మీదికి వేలాడుతోంది. అయినా అన్నాడు, ఏమాత్రం తడబడకుండా. ఎన్ని జట్లకి చెప్పి ఉంటే అంత అలవాటవుతుంది ఆ మాట! ఇన్ని వారాలుగా మాట్లాడకూడదన్న కంపెనీ రూలు ఎందుకో ఇప్పుడు తెలిసింది. పడవ దిగి గబగబా వచ్చి చెయ్యి చాచాడు. "ఇటియ్యి. మేడమ్ చేతికియ్యి, ఫొటో దిగతారు. అన్నం మాడిపోతా ఉంటే నీకిదేం పని?"

ఇవ్వలేదు. దవడ నుంచి గాలం తీసి, చేపని నీళ్ళలో ముందుకీ వెనక్కీ ఆడించి వదిలేశాను. ఒడ్డుకి తెస్తే పొలుసు గీసేది నేనే, కోసేది నేనే, వండేది నేనే. పారిపోయినదాన్ని ఎవరూ వండమనలేరు. అది మేట దాటి లోతులోకి పోయేదాకా చూస్తూ నిలబడ్డాను.

సుప్రియ నా అరచేతిలో రక్తం చూసి తన రుమాలు కట్టింది. "ఎంత బాగా పట్టావక్కా! ఈయన దగ్గర ఎన్నాళ్ళ నుంచి పనిచేస్తున్నావు?" అని అడిగింది.

మా ఆయన నోరు తెరిచాడు. ఈసారి నేను ఆగలేదు.

"పెళ్ళయిన కాడ్నించి మేడమ్," అన్నాను. "పదహారేళ్ళు. ఈరోజుతో మానేస్తా ఉండా."