జాతర నాటి మీటింగు

టీక్యా నన్ను దొంగ అని ఎందుకు అన్నాడన్న సందేహం ఏళ్లుగా నాలో ఉంది. కేసముద్రంలో మా రైతుల కంపెనీకి యుగేందర్ చైర్మన్. నేను, టీక్యా డైరెక్టర్లం. నేను వెళ్లని ఒక మీటింగులో టీక్యా నన్ను అలా తిట్టి, రాజీనామా ఇచ్చి వెళ్లిపోయాడని యుగేందర్ చెప్పాడు. నమ్మాను. అప్పటినుంచి మార్కెట్‌లో ఎదురైనా ఇద్దరం ముఖాలు తిప్పుకున్నాం.

మొన్న నేను, యుగేందర్ కంపెనీ ఆఫీసులో ఉండగా టీక్యా భార్య చంద్రి వచ్చింది. కంపెనీ ప్రభుత్వానికి పంపిన కాగితాలను నెట్ సెంటర్‌లో తీయించి తెచ్చి, నా ముందు పడేసింది.

"మా ఆయన్ని తీసెయ్యమన్నది నువ్వేనట గద యాకయ్యన్నా. గీ యుగేందర్ చెప్తే నేను నమ్మలే. గిండ్ల గూడ గట్లనే ఉన్నది."

చదివాను. టీక్యా రాజీనామాను ఆమోదించాలని నేనే మీటింగులో ప్రతిపాదించానట. మీటింగు తేదీ చూసి ఆగిపోయాను. అది మేడారంలో సమ్మక్క గద్దె మీదికి వచ్చిన రోజు. ఆ రోజు మేమంతా టీక్యా ట్రాక్టర్ మీదే జాతరకు వెళ్లాం. తల్లికి బంగారమని ఇచ్చే నా ఎత్తు బెల్లం తూకానికి తక్కువైతే, టీక్యా తన బెల్లంలోంచి ఒక ముద్ద ఇచ్చాడు. ఊరికి వచ్చాక తిరిగి ఇద్దామనుకున్నాను. అంతలోనే మా మధ్య మాటలు ఆగిపోయాయి.

"ఆనాడు మీటింగెట్ల అయితది యుగేందర్? నువ్వు గూడ ట్రాక్టర్లనే ఉంటివి గద" అన్నాను.

"తేదీ పట్నం ఆడిటర్ ఏసిండు. ఆయనకేం ఎరుక జాతర సంగతి."

"మరి తిట్టిండన్నది?"

అతను కాగితాలు మడిచి పక్కకు పెట్టబోయాడు.

"ఏం చెప్తడు? మా ఆయన రాజీనామ ఇయ్యనే లేదు. మా ఆయన జాగల గీయన బామ్మర్ది కూసున్నడు" అంది చంద్రి.

యుగేందర్ నా వైపు తిరిగాడు. "గిది దిద్దిపిస్తవా? దొంగ రికార్డని కేసైతే నువ్వు గూడ డైరెక్టరువే. పూజలు చేస్కునేటోనివి, చేస్కుంట కూసో. తండోళ్ల కోసం నా మీదికి రాకు."

తల్లి గద్దె ముందు నిలబడ్డ రోజున ఇక్కడ ఉన్నానని రాసుకుంటే, ఆ మొక్కు ఎవరు చెల్లించినట్టు? ఆ మీటింగు జరగలేదని, సవరణ పంపాలని రాసి సంతకం పెట్టాను. యుగేందర్ కుర్చీ తన్ని బయటికి పోయాడు.

సాయంత్రం బెల్లం కొనుక్కుని తండాకు వెళ్లాను. సంగతంతా చెప్పాను. టీక్యా కూర్చోమనలేదు.

"ఒక్కనాడన్న వచ్చి అడుగకపోతివి" అన్నాడు.

"నువ్వు గూడ అడుగలే."

బెల్లం ముద్దను అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు.

"ఆనాడు గూడ గింతే ఉండె" అని చంద్రి చేతికి ఇచ్చాడు.