కొలనుకు రెండో గట్టు

పళ్ల డాక్టరు నాకు తోడల్లుడు. నా భార్య చెల్లెలి మొగుడు. మా గుమ్మం తొక్కి చాలా ఏళ్లయింది. నేనే తొక్కనివ్వలేదు.

ఇవాళ మధ్యాహ్నం వాన పడుతుంటే మా మరదలు చెప్పాపెట్టకుండా అతన్ని వెంటబెట్టుకొచ్చింది. అతని చంకలో దుప్పటి చుట్టిన ఫ్రేము. విప్పకముందే అదేమిటో నాకు తెలిసింది.

"లోపలికి రమ్మంటారా బావా, మెట్ల మీదే మాట్లాడుకుందామా?" అంది మరదలు.

"గెంటే ఓపిక లేదు. రండి."

నేను పార్సిలు ఆఫీసులో పనిచేసి దిగిపోయినవాణ్ణి. చదువు పల్లెటూరి బడితో సరి. అయినా ఆదివారాలు పాత సామాన్ల బజారులో తిరిగి పార్కుల ఫొటోలు ఏరేవాణ్ణి. ఇప్పటివి కావు. ఫొటో కూడా చేత్తో వేసిన బొమ్మలా ఉండాలని కొందరు పంతం పట్టిన కాలం నాటివి. వాళ్లు కావాలనే మసకగా తీసేవారు. బ్రష్షుతో సిరా అద్దేవారు, నచ్చనిది చెరిపేసేవారు. పొగమంచు, తడి బెంచీ, ముఖం కనబడని మనిషి. "డబ్బిచ్చి మసక కొనుక్కొస్తారు. కిటికీ అద్దం తుడవకపోతే ఊరికే వస్తుందిగా," అనేది నా భార్య. ఫ్రేములు తుడిచేది మాత్రం ఆవిడే.

ఈ పిచ్చి డాక్టరుకు నా దగ్గరే అంటుకుంది.

మా గోడ మీద 'సాయంత్రం' ఉంది. పార్కులో కొలను, కుడిపక్క వంగిన చెట్టు, దాని కింద గొడుగు పట్టిన ఆడమనిషి, పైన నల్లబడుతున్న ఆకాశం. పేరు వెనక అట్ట మీద రాసి ఉంది. అదే చేతి పని 'ఉదయం' ఒకటి ఉందని విని ఏళ్ల తరబడి వెతికాను. దాని కోసం పక్కనే మేకు కూడా కొట్టి ఉంచాను. నా భార్య దానికి చేతిసంచి తగిలించేది. చివరికి పొరుగూరి వేలం పుస్తకంలో గోరంత బొమ్మ పడింది. చెట్టు ఎడమపక్క ఉంది. కొలనుకు రెండో గట్టు నుంచి తీశాడనుకున్నాను. ఆస్పత్రి వరండాలో, లోపల నా భార్య ఊపిరి అందక కొట్టుకుంటుంటే, ఆ సంగతి డాక్టరుకు చెప్పింది నేనే. ఏదో ఒకటి మాట్లాడాలి కదా.

ఆవిడను కాటికి మోసిన రోజు అతను రాలేదు. వేలానికి వెళ్లి 'ఉదయం' కొన్నాడు. మర్నాడొచ్చి, "వేరేవాళ్ల చేతిలో పడకుండా కాపాడాను అన్నయ్యా," అన్నాడు. ఆ రోజు వేసిన తలుపు ఇవాళే తీశాను.

"ఏం కావాలి?" అన్నాను.

"ఇచ్చిపోదామని వచ్చాను అన్నయ్యా. కళ్లు పోతున్నాయి. లోకమంతా మసకే. ఇంక ఈ మసక వేరే ఎందుకు?"

"మరి పళ్లు ఎలా పీకుతున్నావు, తడుముకునా?"

"మానిపించాను బావా," అంది మరదలు. "మొన్నొకాయనకు బాగున్న పన్ను పట్టుకుని ఈయన వదల్లేదు. ఆయన అరిచాడు కాబట్టి సరిపోయింది."

డాక్టరు కూడా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, మింగేశాను.

అతనికి కావలసింది ఒక్క మాట. 'పోనీలే, అయిందేదో అయింది.' ఆ మాట అంటే బొమ్మ నాది. అనేద్దామనే అనిపించింది. కోపాన్ని మోయడానికీ బలం ఉండాలి, నాకు అది అయిపోవచ్చింది.

"సాయంత్రం పక్కన పెట్టి చూపిస్తానుండండి," అని మరదలు ఫ్రేము పట్టుకుని గదిలోకి నడిచింది. నా భార్య బీరువా ముందు ఆగిపోయింది. తలుపుకు నిలువుటద్దం ఉంటుంది.

"బావా, ఇదేంటి? అద్దంలో మీ సాయంత్రం బొమ్మ కనబడుతోంది."

వెళ్లి చూశాను. వంగిన చెట్టుకు అదే విరిగిన కొమ్మ. గొడుగులో పైకి పొడుచుకొచ్చిన అదే ఊచ. ఆమె పాదం అదే ఎత్తున లేచి ఉంది. తడి అచ్చును మరో కాగితం మీద ఒత్తితే కుడి ఎడమవుతుంది. వాళ్లలా చేసేవారని నాకు తెలుసు. ఒకే ఫొటో. ఒకదానికి ఆకాశం తెల్లగా తుడిచాడు, ఒకదానికి నల్లగా అద్దాడు. రెండో గట్టు లేదు.

"ఏమైంది?" అన్నాడు డాక్టరు కుర్చీలోంచి. అతనికేమీ కనబడలేదు. మరదలే చెప్పింది.

"అయితే నేను ఆ రోజు..." అని డాక్టరు ఆగిపోయాడు.

"మా గోడ మీద ఉన్నదాని కోసమే పోయావు."

దుప్పటి మళ్లీ చుట్టి ఫ్రేము అతని ఒళ్లో పెట్టాను. "తీసుకుపో. నా దగ్గర ఉంది."

"నేనొచ్చింది బొమ్మ కోసం కాదన్నయ్యా."

"తెలుసు."

"అక్క ఉంటేనా బావా..." అంది మరదలు.

"లేదుగా."

మెట్లు తడిగా ఉన్నాయి. అతను కాలితో తడుముకుంటూ దిగుతుంటే మోచెయ్యి పట్టుకుని కిందిదాకా దించాను. పడితే మళ్లీ ఆ ఆస్పత్రికి పోవాలి. పార్కు మలుపు దాకా అతను ఫ్రేమును గుండెకు ఆనించుకునే నడిచాడు. మరదలు గొడుగు పట్టింది.

పైకొచ్చి, 'సాయంత్రం' పక్కన ఉన్న మేకు పీకుదామని పట్టుకారు తెచ్చాను. రెండుసార్లు లాగాను, రాలేదు. వదిలేశాను.