యాభై దగ్గర ఆగని ముల్లు

సెకనుకి ఎన్ని కరెంటు అలలో చూపే ఫ్రీక్వెన్సీ మీటరులో ముల్లు, ఉండాల్సిన యాభై నుంచి కిందికి జారుతున్నకొద్దీ ఊళ్ళో క్షణాలు సాగుతున్నాయి. సబ్‌స్టేషన్ గోడ గడియారం ఒకసారి టిక్కుమని మళ్ళీ టిక్కుమనే లోపు, ఆపరేటర్ ఇశ్రాయేలు క్యారేజీ విప్పి, అన్నం తిని, గిన్నెలు కడిగేస్తాడు.

ఇందులో అతనికి వింతేమీ కనిపించదు. కరెంటు అల నెమ్మదిస్తే కాలమూ నెమ్మదిస్తుంది. చావొచ్చేది మాత్రం పాపం యార్డులోని ట్రాన్స్‌ఫార్మర్‌కి. అల దాటిపోయేంతసేపూ దాని ఇనుము అయస్కాంత శక్తిని మోస్తూ నిలబడాలి. ఇప్పుడది ఇక పట్టనంతగా నిండిపోయి, చూడి గేదెలా మూలుగుతోంది. ఒళ్ళు ముట్టుకుంటే కాలుతోంది.

ఆసుపత్రి నుంచి అత్త రాహేలమ్మ ఫోను చేస్తుంది.

"ఏందయ్యా ఈ చోద్యం! సలోమికి పొద్దునొచ్చిన నొప్పి ఇంకా పోలా. అదే నొప్పి. ఇది పోయి ఇంకోటొస్తే గదా బిడ్డ కిందపడేది!"

"ముల్లు పైకి లేవాలత్తా. లైన్లు తీస్తన్నా. కాస్త ఓర్చుకోమను."

భార్య అరుపు ఫోనులో సగమే వచ్చింది. మిగతా సగం వినడానికి అతనికి ధైర్యం చాలదు, పెట్టేస్తాడు.

కరెంటు లాగే వీధుల బరువు తగ్గితే గాని ముల్లు లేవదు. మిల్లుల లైను తీస్తాడు, బజారు లైను తీస్తాడు. తీసిన వీధి తీసినట్టే లేచొచ్చి, ఇళ్ళూ మనుషులూ కుక్కలతో సహా గేటు బయట కూర్చుంటుంది. ఎవరూ గొడవ చేయరు. తిట్టడానికి నోరు తెరిచేసరికే పొద్దు వాలుతోంది మరి.

"అన్నా, ఇంక మిగిలింది ఆసుపత్రి లైనే," అంటాడు లైన్‌మన్ సైదులు.

"అదీ తీస్తా."

"వద్దన్నా. ఒక్కసారే అంత బరువు దించితే ముల్లు యాభై కాడ ఆగదు."

"ఆగకపోతే మానె. ముందా నొప్పి ఆగాలి."

మీట తిప్పుతాడు. ట్రాన్స్‌ఫార్మర్ మూలుగు సన్నబడి దోమ పాటైపోతుంది. దాని ఇనుము ఖాళీ అవుతుంది. ముల్లు యాభై దాటి, అంకెలు దాటి, మీటరు అంచుకి కొట్టుకుంటుంది. కిటికీలో పొద్దు గుంకుతుంది, పొడుస్తుంది, గుంకుతుంది. "చెప్పానా..." అంటున్న సైదులు మీసం మాట మధ్యలోనే నెరిసిపోతుంది. మీట వదలని ఇశ్రాయేలు ఒక్కడే అలాగే ఉంటాడు.

ఆసుపత్రి కూడా వచ్చి వరసలో చివర కూర్చుంటుంది. దాని తలుపు తీసుకుని ఒక తెల్లజుట్టు ముసలామె బయటికొస్తుంది. బొడ్డుతాడు ఇంకా కోయలేదు. తడితడిగా ఆమె వెనకాలే నేలమీద ఈడ్చుకుంటూ వస్తోంది.

"నాన్నా," అంటుంది.

ఇశ్రాయేలుకి ఏడుపొస్తుంది. "అమ్మేదమ్మా?"

"నొప్పి ఆగిందని నవ్వింది. నా మొగం చూసే లోపే ముసల్దై కన్నుమూసింది నాన్నా."

అతను వంగి ఆ తాడు చేతిలోకి తీసుకుంటాడు. వెచ్చగా ఉంది, సన్నగా మోగుతోంది. చెవికి ఆనించుకుంటాడు. ఆ మోత సరిగ్గా యాభై. తాడు లోపలి నుంచి సలోమి అరుపు, ఫోనులో వినని ఆ మిగతా సగం, ఇప్పుడొస్తోంది.