సజ్జ మీది చుట్టం

“ఆ అమ్మాయి మా హాస్టల్ మనిషే కాదు. ఎవరో బయటిది, గోడెక్కి ఉంటుంది” అన్నాడు రిజిస్ట్రారు. ఆయన కాళ్ల దగ్గరే దుప్పటి కప్పిన శవం ఉంది. ఎస్సై తలూపాడు. చుట్టూ హాస్టల్ అమ్మాయిలు నిలబడ్డారు.

అందరికంటే వెనక నిలబడ్డది లాయరు. చదివేది అర్థశాస్త్రమే గానీ, ప్రతిదానికీ వాదనకు దిగుతుందని హాస్టల్లో ఆ పేరు పెట్టారు. ఆ పొద్దున మాత్రం వాదనకు దిగలేదు. ఆ దుప్పటి ఆమెదే. చనిపోయిన పిల్ల చేరిననాటి నుంచీ ఆమె మంచంలోనే సగం పంచుకుని పడుకుంది.

వేరే కాలేజీల నుంచి బదిలీ మీద వచ్చేవాళ్లకి ఈ యూనివర్సిటీ ఎక్కడలేని మర్యాద చేస్తుంది. నచ్చిన వసతి ఎంచుకోమంటుంది. పాత హాస్టల్లో గది మొదటి ఏడాదిలోనే ఇక్కడ చేరినవాళ్లకే. ఎదురుగా కొత్త హాస్టల్ సగం ఖాళీగా ఉన్నా, దాన్ని కాంట్రాక్టరు చేతిలో పెట్టారు. ఆయన అడిగే అద్దె రెక్కాడితేగాని డొక్కాడని ఇళ్లలో పుట్టదు. ఇక మిగిలింది రోడ్డు. అందుకే ఆ పిల్లలు పాత హాస్టల్లో దొంగచాటుగా తలదాచుకుంటారు. వాళ్లని అందరూ చుట్టాలంటారు. తనిఖీకి వార్డెన్ మెట్లెక్కుతోందని తెలియగానే చుట్టాన్ని ఊచల్లేని వెనక కిటికీలోంచి కింది గది కిటికీ పైనున్న సన్నటి సజ్జ మీదికి దింపి తలుపులు మూస్తారు. ఆవిడ వెళ్లాక లోపలికి లాగి పడీపడీ నవ్వుకుంటారు. రాత్రంతా కురిసిన వానకి ఆ పొద్దున సజ్జ మీది నాచు తడిసి ఉంది. ఆ పిల్ల కాలు జారి కిందపడింది.

శవాన్ని అంబులెన్సులోకి ఎక్కించి, ఇంటివాళ్లు వచ్చేదాకా ఆవరణలోనే ఆపారు. అమ్మాయిలంతా భోజనాల హాల్లో చేరారు.

“నిజం చెప్తే మన గదులూ ఊడతాయి” అంది ఆఖరి ఏడాది చదివే సీనియరు. “మా ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవడం లేదు. నా ఉద్యోగం కోసం కళ్లలో వత్తులేసుకుని చూస్తున్నారు.”

“పోయినదాన్ని దొంగని చేస్తున్నారక్కా” అంది ఒక చుట్టం. “మేం చదవడం లేదా? పరీక్షలు రాయడం లేదా?”

“అయితే నేను చంపానా?”

“మనమే చంపాం” అంది లాయరు మెల్లగా. “గది ఇవ్వమని ఒక్కరోజు అడగలేదు. సజ్జ చూపించాం. అదే పెద్ద సాయమనుకున్నాం.”

ఎవరి గదికి వాళ్లు పోయారు.

మధ్యాహ్నం తల్లి వచ్చింది. బట్టలు కుట్టి బతికే మనిషి. భుజం మీద దారప్పోగులు అలాగే ఉన్నాయి. తప్పు కూతురిదేనని ఒప్పుకుంటే శవాన్ని అప్పగిస్తామన్నాడు రిజిస్ట్రారు.

“నా బిడ్డ దొంగ కాదయ్యా. హాస్టల్లో గదుందని, కిటికీ పక్కనే మంచమని చెప్పింది.”

అమ్మాయిలు ఒక్కొక్కరే బయటికొచ్చారు. లాయరు ముందుకు నడిచింది. “నిజమేనమ్మా. నా గదే, నా మంచమే. సజ్జ మీదికి దిగమన్నదీ నేనే.”

తల్లి ఆమె ముఖంలోకి చూసింది. “జారుతుందని అది చెప్పలేదా తల్లీ?”

“చెప్పిందమ్మా. ఒక్క నిమిషమేగా, ఓర్చుకోమన్నాను.”

తల్లి నేలమీద కూలబడింది. లాయరు ఆమె కాళ్ల దగ్గరే కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.

“బయటివాళ్లని పెట్టుకున్నానని తనే ఒప్పుకుంది. వ్యాన్ ఎక్కించండి” అన్నాడు రిజిస్ట్రారు. ఎస్సై లాయరు రెక్క పట్టుకున్నాడు.

“మా గదిలోనూ ఒకరున్నారు” అంది ఒకమ్మాయి. “మా గదిలోనూ” అంది ఇంకొకతె. ఇన్నాళ్లూ సజ్జల మీద నక్కిన చుట్టాలు వాళ్ల పక్కకొచ్చి నిలబడ్డారు. ఆ పిల్ల తమ విద్యార్థినేనని యూనివర్సిటీ ఒప్పుకోవాలన్నారు. కొత్త హాస్టల్ అందరికీ తెరవాలన్నారు. రిజిస్ట్రారు అందర్నీ ఎక్కించమన్నాడు.

వ్యాన్‌లో లాయరు పక్కన చోటు చేసుకుంటూ సీనియరు కూర్చుంది.

“నీది ఆఖరి ఏడాది కదక్కా” అంది లాయరు.

“అవును. కొంచెం జరుగు.”

వ్యాన్ చాల్లేదు. ఎస్సై ఇంకో వ్యాన్ కోసం ఫోన్ చేశాడు. అది వచ్చేలోపు మిగిలిన అమ్మాయిలు కొత్త హాస్టల్ తాళం పగలగొట్టారు. అంబులెన్సులోంచి ఆ పిల్లని భుజాల మీద మోసుకెళ్లి మొదటి గదిలో మంచం మీద పడుకోబెట్టారు. తల్లి ఆ మంచం పక్కనే కూర్చుంది. ఎవరు లేవమన్నా లేవలేదు.